కొత్త లెన్స్ సంగతి తరువాత, ముందు పాత కెమెరాను చీకట్లో తడిమి చూడండి

మిగతావారికీ అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నను ముందుగా కుదించి రాస్తున్నాను. మీది విశాఖపట్నం, వయసు నలభై ఐదు, మూడేళ్లుగా ఫోటోలు తీస్తున్నారు. 2026 జూన్ 20 నుంచి 27 వరకు బాలిలో జరిగే ఫోటోగ్రఫీ శిబిరంలో చేరారు. బాటూర్ అగ్నిపర్వతం మీద సూర్యోదయం, జాతిలువిహ్ వరి మడులు, నల్ల ఇసుక తీరం, గుడులు, ఒక రాత్రి నక్షత్రాలు: ఇదీ కార్యక్రమం. చేతిలో ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 24–105 లెన్స్ ఉన్నాయి. లక్షన్నర పెట్టి 70–200 దూరపు లెన్స్ కొనాలా, అప్పుడప్పుడు నొప్పి పెట్టే మోకాళ్లతో కొండ ఎక్కగలనా, అగ్నిపర్వతం రగిలితే ఏమిటి గతి, శాకాహారికి తిండి దొరుకుతుందా అని అడిగారు. ఇంకా ఏడు వారాల సమయం ఉందన్నారు.

నేను బాలికి మూడుసార్లు ఇలాంటి శిబిరాలకే వెళ్లాను. మొదటిసారి నేర్చుకోవడానికి, తరువాత రెండుసార్లు నడిపేవారికి సహాయకుడిగా. సహాయకుడి పని ఏమిటంటే తెల్లవారుజామున మూడున్నరకు పన్నెండు మంది చీకట్లో చేసే తప్పులను చూస్తూ, వాటిలో కొన్నింటిని సరిచేస్తూ ఉండడం. కాబట్టి మీరు అడిగిన వరుసలో కాకుండా, నేను చూసిన తప్పుల వరుసలో చెబుతాను.

లెన్స్ లేక ఫోటో పోగొట్టుకున్నవారిని నేను పెద్దగా చూడలేదు. బటన్ దొరక్క పోగొట్టుకున్నవారిని మాత్రం ప్రతి ఉదయం చూశాను. ఒకాయన దగ్గర మా అందరి కెమెరాల కంటే ఖరీదైనది ఉండేది, ప్రయాణానికి పది రోజుల ముందు కొన్నారట. బాటూర్ శిఖరం మీద తూర్పు ఎర్రబడుతున్న వేళ ఆయన కెమెరా ఆటోఫోకస్ కుదరక ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూనే ఉంది. మాన్యువల్ ఫోకస్‌కు మార్చుకోవాలి. ఆ మీట లెన్స్ మీద ఉందో, మెనూలో ఉందో ఆయనకు తెలియదు. తలకు కట్టుకున్న లైటును పూర్తి వెలుగుతో వేసి వెతకడం మొదలుపెట్టారు. పక్కన ముప్ఫై సెకన్ల ఎక్స్‌పోజర్ (కెమెరా అంతసేపూ వెలుగు తీసుకుంటూనే ఉంటుంది) పెట్టుకున్న ముగ్గురి ఫోటోలు ఆ వెలుగుకు తెల్లబారిపోయాయి. వాళ్లు ఏమీ అనలేదు కానీ ఆ రోజు టిఫిన్ దగ్గర ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు.

అందుకే ఈ ఏడు వారాల్లో మొదటి పని ఇది. రాత్రి గదిలో దీపాలు ఆర్పేసి కెమెరా ఒళ్లో పెట్టుకోండి. ఐఎస్‌ఓ (మసక వెలుగులో కెమెరా చూపును పెంచే అంకె) మార్చడం, మాన్యువల్ ఫోకస్‌కు వెళ్లడం, రెండు సెకన్ల టైమర్ పెట్టడం, తెర వెలుగు తగ్గించడం, బ్యాటరీ మార్చడం, కార్డు మార్చడం, కెమెరాను ట్రైపాడ్ మీదకు ఎక్కించి దించడం. ఇవన్నీ చూడకుండా చేయాలి. మొదటి రాత్రి విసుగు పుడుతుంది. పది రోజులు పోయేసరికి వేళ్లకు దారి తెలుస్తుంది. వంటింట్లో కరెంటు పోయినా పోపుల డబ్బా ఎక్కడుందో చేతికి తెలిసినట్టే. తరువాత అదే పనిని తడి చేతులతో ఒకసారి, పలుచని చేతి తొడుగులతో ఒకసారి చేసి చూడండి. తలలైటు కొనేటప్పుడు ఎర్ర వెలుగు ఉన్నది కొనండి, అది పక్కవారి కళ్లనూ ఫోటోలనూ పాడు చేయదు. ఎర్ర వెలుగు మీట ఎక్కడుందో కూడా ఇంట్లోనే తెలుసుకోండి. కొన్ని లైట్లలో ఎరుపుకు చేరాలంటే ముందు తెలుపు దాటి రావాలి!

ట్రైపాడ్ గురించి ఒకే మాట. కెమెరా అడుగున బిగించే ఆ చిన్న ప్లేటు ఉంటుంది చూడండి, అది ఇంట్లో మరో కెమెరాకు ఉండిపోయి, రెండు కిలోల ట్రైపాడ్‌ను ఉత్త చేతికర్రలా మోసుకుని తిరిగినవాడిని నేను. మొదటి శిబిరంలో ఐదు రోజులు అలాగే గడిచాయి. రెండు ప్లేట్లు పెట్టుకోండి.

తరువాతిది తేమ. విశాఖలో ఉంటున్నారు కాబట్టి దీని గురించి సగం మీకే తెలుసు: ఏసీ కారులోంచి బీచ్ రోడ్డులో దిగితే కళ్లద్దాలు మసకబారతాయి కదా. గదిలో ఏసీ 20 డిగ్రీల మీద ఉంటే లెన్స్ అద్దం కూడా రాత్రంతా ఆ చల్లదనానికే చేరుతుంది. బయట గాలిలోని తేమ అంతకంటే కాస్త ఎక్కువ వేడి దగ్గరే నీరుగా మారుతుంది, కాబట్టి చల్లని అద్దం కనిపించగానే వెళ్లి దాని మీద వాలుతుంది. సనూర్ తీరంలో నా మొదటి ఉదయం ఇలాగే పోయింది. పక్కలకు వెదురు బొంగులు కట్టిన జుకుంగ్ పడవలు, వాటి వెనక నారింజ రంగు ఆకాశం. నా కెమెరాలో మాత్రం పాలు పోసినట్టు తెల్లని తెర. కంగారులో తుడిచాను. తుడిచినకొద్దీ మళ్లీ పట్టింది, పైగా అద్దం మీద చారలు మిగిలాయి. ఇరవై నిమిషాలకు దానంతట అది తేటపడింది. అప్పటికి సూర్యుడు పైకొచ్చి పడవల మీద తెల్లని ఎండ పడుతోంది.

దీనికి మందు తేలిక. రాత్రి పడుకునే ముందు కెమెరా సంచిని ఏసీ తగలని చోట, స్నానాల గదికి బయట వసారా ఉంటే అక్కడ, లేదా అల్మారాలో పెట్టండి. కుదరకపోతే ఏసీ గదిలోనే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి, బయటికి వచ్చాక అరగంట తరువాతే తెరవండి. అప్పుడు నీరు సంచి మీద పడుతుంది, లెన్స్ మీద కాదు. సిలికా జెల్ పొట్లాలు వేసుకోవచ్చు కానీ అవి బూజు రాకుండా కాపాడేవే తప్ప ఈ మసకను ఆపలేవు. వ్యానులో ఏసీ ఎక్కువ పెడతారు, అక్కడా సంచి మూసే ఉంచండి. ఉతికిన మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను తీసుకెళ్లండి. ఒకటి తడిస్తే ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే.

ఇప్పుడు బాటూర్. దీని ఎత్తు 1,717 మీటర్లు. అయితే మీరు ఎక్కడం మొదలుపెట్టేది సరస్సు ఒడ్డు దగ్గర, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి. అంటే ఎక్కాల్సింది ఏడువందల మీటర్లకు అటూఇటూ, రెండు గంటల నడక. మొదటి సగం మామూలు మట్టి దారి. పై భాగంలో నల్లని గులకరాళ్లు, ఒక అడుగు వేస్తే అరడుగు వెనక్కి జారుతుంది. ఎక్కేటప్పుడు మోకాళ్లు ఓర్చుకుంటాయి, దిగేటప్పుడే ఏడిపిస్తాయి. ఈ రోజు నుంచే వారానికి మూడుసార్లు సింహాచలం మెట్ల దారి ఎక్కి దిగండి, ఎండకు ముందే, వీపున ఐదు కిలోల సంచితో. కెమెరాయే ఉండక్కర్లేదు, బియ్యం మూట అయినా చాలు. నడక కర్రలు రెండు తప్పనిసరి. మూడు వారాల తరువాత కూడా దిగేటప్పుడు నొప్పి ఉంటే డాక్టరుకు చూపించి, శిఖరం వదిలేసి జీపు దారి అడగండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. బాటూర్ పర్వతం ఒక పెద్ద పళ్లెం లాంటి కాల్డెరా (పాత అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన గొయ్యి) మధ్యలో ఉంది, దాని అడ్డం పదీ పదమూడు కిలోమీటర్లు. ఆ పళ్లెం అంచున కింతామణి వైపు నిలబడితే పర్వతం, సరస్సు, మబ్బు అన్నీ ఒకే చట్రంలోకి వస్తాయి. నిజం చెప్పాలంటే నా దగ్గరున్న మంచి బాటూర్ ఫోటోలు శిఖరం మీద తీసినవి కావు, ఆ అంచు మీద తీసినవి. శిఖరం ఎక్కితే శిఖరం ఫోటోలో ఉండదు కదా.

ఒక చిన్న లెక్క చెబుతాను, శిబిరం నడిపేవారు చాలామంది దీన్ని చెప్పరు. బాలిలోని మరో అగ్నిపర్వతం అగుంగ్ వెనక నుంచి ఎర్రని సూర్యుడు ఉదయిస్తున్నట్టు మీరు ఇంటర్నెట్‌లో ఫోటోలు చూసి ఉంటారు. బాటూర్ మీద నుంచి చూస్తే అగుంగ్ ఆగ్నేయ మూలన ఉంటుంది. అగ్నిపర్వతానికి తగిన దిక్కే. జూన్ నెలాఖరులో సూర్యుడు అక్కడ ఈశాన్యంలో, తూర్పు నుంచి సుమారు 24 డిగ్రీలు ఉత్తరంగా ఉదయిస్తాడు. కాబట్టి మీ తేదీల్లో సూర్యుడు, అగుంగ్ ఒకే వరుసలోకి రావు. ఇది నష్టం కాదు. ఎడమ పక్క నుంచి వచ్చే వెలుగు అగుంగ్ ముడతలన్నిటినీ తేల్చి చూపిస్తుంది. అందరూ సూర్యుడి వైపు కెమెరాలు తిప్పినప్పుడు మీరు కుడివైపు తిరగండి. ఆకాశం తేటగా ఉంటే ఇంకా దూరాన లొంబోక్ దీవిలోని రింజని అగ్నిపర్వతం కూడా కనిపిస్తుంది.

ఉబుద్ ప్రాంతంలో బస అయితే మిమ్మల్ని రాత్రి రెండు గంటల ప్రాంతంలో లేపుతారు. బాలి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. అంటే మీ ఒంటి లెక్కలో అది రాత్రి పదకొండున్నర, ఇంకా నిద్ర పట్టే వేళే కాదు. ప్రయాణానికి వారం ముందు నుంచే తొమ్మిదికి పడుకోవడం అలవాటు చేసుకోండి. విమానం దిగిన రోజే కెమెరా గడియారం కూడా సరిచేసుకోండి, లేకపోతే ఫోనులో తీసినవి, కెమెరాలో తీసినవి తరువాత వరుసలో కుదరవు. పైన చలిగాలి వేస్తుంది, ఎక్కినప్పటి చెమట ఆరుతున్నప్పుడు మరీనూ. ఉష్ణమండలం కదా అని చొక్కాతో వచ్చినవారు గైడ్ దగ్గర దుప్పటి అడుక్కున్నారు. మందమైన జాకెట్ ఒకటి, మార్చుకోవడానికి పొడి చొక్కా ఒకటి పెట్టుకోండి.

ఇక లెన్స్. 70–200 కొనవద్దు. దూరపు లెన్స్ పనికిరాదని కాదు, చాలా పనికొస్తుంది. ఒకదాని వెనక ఒకటి పరుచుకున్న కొండలను, వరి మడుల గట్ల వంపులను దగ్గరికి లాగడానికి 200, 300 దగ్గరే అందం. కానీ ఎఫ్/2.8 లెన్స్ (ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది) కిలోన్నర దాకా బరువు ఉంటుంది. దాన్ని మోసుకుని ఏడువందల మీటర్లు ఎక్కాక ఫోటో తీసే ఓపిక మిగలదు. తేలికైన 70–300 ఒకటి ఎనిమిది రోజులకు అద్దెకు తీసుకోండి. నక్షత్రాల రాత్రికి మీ ఎఫ్/4 లెన్స్ కాస్త నీరసమే. కుదిరితే 20 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 కూడా అద్దెకే తీసుకోండి. పోలరైజర్ ఫిల్టర్ ఒకటి ఉంటే నీళ్లు నిండిన మడుల మీద మెరుపు తగ్గించుకోవచ్చు. అయితే ఆ మెరుపే ఫోటో అయిన సందర్భాలూ ఉంటాయి, దాన్ని తిప్పి చూసి తీసేయడం కూడా తెలియాలి. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. గుడుల చుట్టూ, విమానాశ్రయం దగ్గర ఉన్న ఆంక్షలతో తలనొప్పి ఎక్కువ, దక్కేది తక్కువ.

నక్షత్రాలకు మీ తేదీలు బాగా కుదిరాయి. జూన్ 15న అమావాస్య. 20 నుంచి 23 వరకు చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు, ఆ తరువాత చీకటి మీదే. 26, 27 వచ్చేసరికి వెన్నెల తెల్లవారుజాము దాకా ఉంటుంది. శిబిరంవాళ్లు నక్షత్రాల రాత్రిని చివర్లో పెట్టారేమో చూసుకుని, ముందుకు జరపమని ఇప్పుడే అడగండి. ఇంకో సంగతి, పాలపుంత నడిబొడ్డు మన విశాఖలో దక్షిణ ఆకాశంలో సగం ఎత్తుకు వస్తుంది. బాలి భూమధ్యరేఖకు ఎనిమిది డిగ్రీలు దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ దాదాపు నెత్తి మీదకు వస్తుంది. కొండ, గుడి, పాలపుంత మూడూ ఒకే చట్రంలో పెట్టాలంటే కెమెరాను నిలువుగా తిప్పాలి. నిలువుగా తిప్పినప్పుడు ట్రైపాడ్ ఒరిగిపోకుండా ఒక కాలును బరువు వైపు పెట్టడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి.

నల్ల ఇసుక, నల్ల లావా రాళ్లు మొదటిసారి తీసేవారిని మోసం చేస్తాయి. కెమెరా మీటరుకు ప్రపంచమంతా బూడిద రంగే. నల్లని దాన్ని చూపిస్తే "చీకటిగా ఉంది పాపం" అనుకుని వెలుగు పెంచేస్తుంది. ఇసుక సిమెంటు రంగులోకి మారుతుంది, దాని మీదకొచ్చే అల నురుగు తెల్లగా కాలిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను ముప్పావు నుంచి ఒక స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి) తగ్గించి, హిస్టోగ్రామ్‌లో (వెలుగు పంపకం చూపే గ్రాఫ్‌లో) నురుగు కుడి అంచుకు తగలకుండా చూసుకోవాలి. దీన్ని నేర్చుకోవడానికి బాలి దాకా పోనక్కర్లేదు. భీమిలి వైపు తీరంలో అల వెనక్కి పోయినచోట బరువైన ఖనిజాల నల్లని చారలు ఇసుక మీద పరుచుకుంటాయి. ఒక ఆదివారం ఉదయం అక్కడికి వెళ్లి అలనూ చారనూ కలిపి వంద ఫోటోలు తీయండి. మబ్బు విషయంలో దీనికి సరిగ్గా తలకిందులు, వెలుగు పెంచాలి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మబ్బుల సముద్రం తీసి ఉంటే ఆ అనుభవం బాటూర్ మీద అక్కరకు వస్తుంది.

బాటూర్ పక్కన ఆ నల్లని రాళ్ల మైదానం 1963 నాటి లావా, తరువాత పారిన లావా గడ్డకట్టగా ఏర్పడింది. 1926లో పారిన లావా బాటూర్ ఊరినే పూడ్చేసింది. ఊరివాళ్లు కాల్డెరా అంచు పైకి తరలి, అక్కడ తమ గుడిని మళ్లీ కట్టుకున్నారు. ఉలున్ దాను బాటూర్ అదే. ఈ సంగతి తెలిసి ఆ రాళ్ల మధ్య నిలబడితే కెమెరా ఎటు తిప్పాలో మారుతుంది. రాళ్లను మాత్రమే తీసి వచ్చేయకండి, రాళ్ల పక్కనే ఉల్లి, టమాటా పండించుకుంటున్న మడులను కూడా తీయండి.

మీ భయం సంగతికి వస్తాను. బాటూర్ చివరిసారి 2000లో రగిలింది. అగుంగ్ 2017 నుంచి 2019 దాకా అప్పుడప్పుడు బూడిద చిమ్మింది. అంతకుముందు 1963లో అయితే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఇండోనేషియా ప్రభుత్వ అగ్నిపర్వత విభాగం ప్రతి పర్వతానికి నాలుగు స్థాయిల్లో హెచ్చరిక ఇస్తుంది, కింది నుంచి పైకి: నార్మల్, వస్పాద, సియాగ, అవాస్. మాగ్మా ఇండోనేషియా అనే వారి సైటులో, ఫోను యాప్‌లో ఇవి రోజూ కనిపిస్తాయి. నార్మల్ కాకుండా వస్పాద అని ఉంటే, శిఖరానికి ఎన్ని కిలోమీటర్ల దూరం వరకు వెళ్లకూడదో పక్కనే రాసి ఉంటుంది. దాన్ని ఎవరి మాట మీదా దాటకండి. 2023 డిసెంబరులో సుమత్రాలోని మరాపి పేలి ఇరవై మందికి పైగా పర్వతారోహకులు చనిపోయారు. అప్పుడు అది వస్పాద స్థాయిలోనే ఉంది. "ఏం కాదు, రోజూ ఎక్కుతున్నారు" అనే గైడ్ ప్రతిచోటా ఒకడుంటాడు.

మీకు ఎక్కువగా ఎదురయ్యే కష్టం లావా కాదు, బూడిద. అదీ మీ నెత్తిన పడే బూడిద కాదు, విమానాలను ఆపేసే బూడిద. 2017 నవంబరులో అగుంగ్ వల్ల బాలి విమానాశ్రయం రెండు మూడు రోజులు మూతపడింది. 2024 నవంబరులో వందల కిలోమీటర్ల దూరాన ఫ్లోరెస్ దీవిలోని లెవొతొబి అగ్నిపర్వతం రగిలితే బాలి విమానాలు పెద్ద సంఖ్యలో రద్దయ్యాయి. కాబట్టి ప్రయాణ బీమా ఇప్పుడే తీసుకోండి. హెచ్చరిక వచ్చాక తీసుకున్న బీమా ఆ సంఘటనకు సాధారణంగా వర్తించదు. అగ్నిపర్వత బూడిద వల్ల రద్దయితే డబ్బు వస్తుందా అన్నది పాలసీ కాగితంలో చదివి చూడండి. తిరుగు ప్రయాణానికీ, మీరు ఉద్యోగంలో చేరాల్సిన రోజుకీ మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

ఆ ఖాళీ ఉంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఇది మీరు అడగలేదు, కానీ మీ తేదీలు చూడగానే నాకు తట్టింది ఇదే. బాలివారి పెద్ద పండుగ గలుంగన్ 210 రోజులకు ఒకసారి వస్తుంది. ఈసారి జూన్ 17న, మీరు దిగడానికి మూడు రోజుల ముందు. పండుగ ముగింపు కునింగన్, పది రోజుల తరువాత, అంటే సరిగ్గా మీ శిబిరం ముగిసే 27న. ఇంటి ముందు వీధి వైపు వంగి నిలిచే పొడవాటి వెదురు పెంజోర్లు మీరు ఉన్నన్నాళ్లూ ఉంటాయి. కునింగన్ రోజు నైవేద్యాలలో పసుపు రంగు అన్నం పెడతారు, చూస్తే మనకు పులిహోర గుర్తుకొస్తుంది. పూజలన్నీ మధ్యాహ్నం లోపే ముగించేస్తారు, పితృదేవతలు ఆ వేళకు తిరిగి వెళ్లిపోతారని నమ్మకం. మీ విమానం 27 ఉదయానికి ఉంటే ఎలాగైనా 28కి మార్చుకోండి. ఆ ఒక్క ఉదయం మిగతా వారమంతటితో సమానం.

2019 జులైలో గలుంగన్ ముందు రోజు ఉబుద్‌కు ఉత్తరాన ఒక పల్లెలో ఉన్నాను. ఒక పెద్దాయన ఇంటి ముందు కూర్చుని కొబ్బరి లేతాకును చిన్న కత్తితో చీలుస్తున్నాడు. ఆకును నిలువునా మడిచి, రెండంగుళాలకు ఒక గాటు పెట్టి, గాటు చివరను లోపలికి దోపి, వెదురు పుల్లతో గుచ్చుతున్నాడు. ఒక్కో ముడికి ఆరేడు సెకన్లు. మా గుంపులో నలుగురు వచ్చి ఆయన మొహం ముందు కెమెరాలు పెట్టారు. ఆయన ఏమీ అనలేదు, కానీ కత్తి నెమ్మదించింది, మొహం బిగుసుకుంది. వాళ్లు వెళ్లిపోయాక నేను కెమెరా సంచిలో పెట్టేసి పక్కన కూర్చున్నాను. మామిడాకుల తోరణం కట్టిన చేతులే కదా, ఆకు చివర పట్టుకోమని సైగ చేస్తే పట్టుకున్నాను. అరగంట తరువాత ఆయనే నా సంచి వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. అప్పుడు తీసినవి మూడు ఫోటోలు. మూడూ చేతులవే.

రెండు మాటలు నేర్చుకోండి. "బోలెహ్ ఫోతో?" అంటే ఫోటో తీయవచ్చా అని. "సుక్స్మ" అంటే బాలి భాషలో ధన్యవాదాలు. "ఓం స్వస్త్యస్తు" అని పలకరిస్తే మొహాలు విచ్చుకుంటాయి. అయితే మనమూ హిందువులమే కదా అని గుడిలోకి చొరవగా వెళ్లకండి. అక్కడి పద్ధతి అక్కడిదే. నడుము కింద కమెన్ అనే వస్త్రం, నడుముకు పట్టీ లేకుండా లోపలికి రానివ్వరు. బహిష్టు రోజుల్లో స్త్రీలు గుడిలోకి వెళ్లకూడదన్న నియమం ఉంది, బయట బోర్డు కూడా ఉంటుంది. పూజారి కూర్చున్న చోటి కంటే ఎత్తులో నిలబడి ఫోటో తీయడం తప్పు. ప్రార్థిస్తున్నవారి ముందు నుంచి నడవడం, ఫ్లాష్ వెలిగించడం కూడా తప్పే. నేల మీద చిన్న ఆకు దొన్నెలలో పూలు పెట్టిన చనంగ్ సారి ప్రతి గుమ్మం ముందూ ఉంటుంది, కెమెరాలోంచి చూస్తూ వెనక్కి అడుగేసి తొక్కేవారే ఎక్కువ. వెనక్కి జరిగే ముందు కింద చూడండి.

పండుగల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి. బాలివారిదీ శక సంవత్సరమే. ఈ ఏడాది మార్చి 19న మనం పరాభవ నామ సంవత్సర ఉగాది పచ్చడి తింటున్న రోజునే వాళ్లు న్యెపి జరుపుకున్నారు. ఆ రోజు దీవి అంతా దీపాలు ఆర్పేసి ఇంట్లో మౌనంగా ఉంటుంది, విమానాశ్రయం కూడా మూసేస్తారు. నక్షత్రాల ఫోటోగ్రాఫర్‌కు అంతకంటే చీకటి రాత్రి దొరకదు, కానీ అతిథులు కూడా బస చేసిన చోటు దాటి బయటికి రాకూడదు. ఎప్పుడైనా పెరటి ఆకాశంతో సరిపెట్టుకునే ఓపిక ఉంటే ఆ తేదీకి వెళ్లండి.

శిబిరంలో మధ్యాహ్నాలు ఫోటోల సమీక్షకు కేటాయిస్తారు. అక్కడ చాలామంది తమ గొప్ప ఫోటోలు ఇరవై తెచ్చి చప్పట్లు అందుకుంటారు, ఏమీ నేర్చుకోరు. మీరు పది మంచివి, పది చెడిపోయినవి తీసుకెళ్లండి. ఎక్కడ చెడిపోయిందో మీకు అంతుపట్టనివి అయితే ఇంకా మంచిది. కంప్యూటర్‌లో రెండు వందల గిగాబైట్లైనా ఖాళీ చేసుకోండి, విడిగా ఒక ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ప్రతి రాత్రి రెండు చోట్లకు ఎక్కించి, కార్డులను ఇంటికి వచ్చేదాకా చెరపకండి. కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను అక్కడ నేర్చుకుందామనుకోకండి.

కాగితాల పని తొందరగా చెప్పేస్తాను. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు, తిరుగు టికెట్ ఉండాలి. ముప్ఫై రోజుల రాక వీసా (వీసా ఆన్ అరైవల్) 5,00,000 రుపియాలు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు. బాలి ప్రభుత్వం 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ పర్యాటకుల దగ్గర విడిగా 1,50,000 రుపియాలు వసూలు చేస్తోంది. నియమాలు మారుతుంటాయి, బయలుదేరే వారం మళ్లీ చూసుకోండి. కెమెరా, లెన్స్‌లు ఖరీదైనవి కాబట్టి వెళ్లేటప్పుడే మన విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబర్లతో ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడ కొన్నారన్న ప్రశ్న రాదు. అద్దె లెన్స్ అయితే అద్దె రసీదు కూడా ఉంచుకోండి. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. ట్రైపాడ్‌ను చెకిన్ పెట్టెలో వేయండి.

తిండికి లోటు లేదు. టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), టోఫు, కూరగాయల మీద వేరుశనగ సాస్ పోసిన గాడో గాడో అన్నిచోట్లా దొరుకుతాయి. కిటుకంతా సంబల్ అనే మిరప పచ్చడిలో ఉంది. అందులో రొయ్యల ముద్ద కలుపుతారు, దాన్ని తెరాసి అంటారు. "తాన్పా తెరాసి" అంటే అది లేకుండా అని. ఆ మాట ప్రతిసారీ చెప్పండి, శాకాహారినని చెప్పడం ఒక్కటే సరిపోదు. రెండింటికి లేచే రోజుల్లో టిఫిన్ తొమ్మిదికి గానీ రాదు, కాబట్టి సంచిలో వేరుశనగ ఉండలో, నువ్వుల ఉండలో ఉంచుకోండి.

శిబిరంవారికి ఈ వారమే ఒక ఉత్తరం రాయండి. నక్షత్రాల రాత్రి ఏ తేదీన, బాటూర్ ఎక్కలేనివారిని ఎటు తీసుకెళ్తారు, కునింగన్ ఉదయం కార్యక్రమం ఏమిటి, జూన్ ఆఖరుకు జాతిలువిహ్‌లో వరి ఏ దశలో ఉంటుంది. చివరిది ముఖ్యం. నాట్లకు ముందు నీళ్లు నిండిన మడి వేరు, పచ్చని పైరు వేరు, కోతకొచ్చిన చేను వేరు, కోనసీమ చూసినవారికి చెప్పనక్కర్లేదు. వారి జవాబు ఇక్కడ రాస్తే జాతిలువిహ్ మడుల దగ్గరికి ఏ లెన్స్ సంచిలో పెట్టాలో, ఏది గదిలో వదిలేయాలో చెబుతాను.